భవనాల డిజైన్: మూల సూత్రాలు, దశలు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్కిటెక్చర్ కోర్సులో కొత్తగా చేరినవాళ్ళు, త్వరలో ఏదైనా భవనం కట్టించబోతున్నవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నింటికి జవాబు పొడుగ్గా ఉంటుంది, కొన్నింటికి రెండు ముక్కలు చాలు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళినా ఫర్వాలేదు. కానీ బ్రీఫ్ (అవసరాలను రాసిపెట్టుకున్న కాగితం) గురించి, సెక్షన్ (భవనాన్ని నిలువుగా కోసి చూపే బొమ్మ) గురించి ఉన్న జవాబులు మాత్రం వదలకుండా చదవండి.

డిజైన్ అంటే ప్లాన్ గీయడమేనా?

కాదు. భవనాన్ని నేలకు మీటరు, మీటరున్నర ఎత్తులో అడ్డంగా కోసి పైనుంచి చూస్తే కనిపించే బొమ్మే ప్లాన్. గోడ ఎక్కడ, తలుపు ఎక్కడ అన్నది అది చెబుతుంది. గదిలో ఎండ ఎంత లోపలిదాకా వస్తుంది, పైకప్పు ఎంత ఎత్తులో ఉంటుంది, వాన నీళ్ళు ఎటు పోతాయి అన్నవి చెప్పదు. ఇలాంటి వందల నిర్ణయాలను ఒకదానికొకటి అడ్డం రాకుండా కుదర్చడమే డిజైన్. కుదిరినదాన్ని కాగితం మీద పెట్టడం ఆ తర్వాతి పని.

సుమారు రెండు వేల ఏళ్ళ కిందటి రోమన్ ఆర్కిటెక్ట్ విట్రూవియస్, కట్టడానికి మూడు గుణాలు ఉండాలన్నాడు: గట్టిగా నిలవాలి, పనికి రావాలి, చూడముచ్చటగా ఉండాలి. ఇంతకంటే మంచి చెక్‌లిస్టు నాకు ఇప్పటికీ కనపడలేదు. చిక్కేమిటంటే, ఈ మూడింటినీ విడివిడిగా సాధించలేం. ఒక కిటికీ పెద్దది చేస్తే వెలుతురు పెరుగుతుంది, దాంతోపాటు వేడీ పెరుగుతుంది, పైన లింటెల్ బలంగా వేయాల్సి వస్తుంది, బయటి ముఖం మారిపోతుంది. మనం కదిపింది ఒక్కటే, కదిలినవి నాలుగు.

గీయడం మొదలుపెట్టే ముందు ఏం చేయాలి?

అడగాలి. చాలా అడగాలి. అడిగి తెలుసుకున్నదంతా రాతపూర్వకంగా పెట్టుకున్నదే బ్రీఫ్. నా అనుభవంలో డిజైన్లు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. గీతలు బాగా గీసి కూడా తప్పు ప్రశ్నకు జవాబు చెప్పిన భవనాలు ఎన్నో ఉంటాయి.

“చదువుకోవడానికి ఒక పెద్ద హాలు కావాలి” అని క్లయింట్ అన్నారనుకోండి. అది ఆయన ఊహించుకున్న పరిష్కారం, అవసరం దాని వెనక ఉంటుంది. అక్కడ చదివేది పైకి చదివే చిన్న పిల్లలా, నిశ్శబ్దంగా కూర్చునే పెద్దవాళ్ళా? ఒకేసారి ఎంతమంది? పొద్దునా, రాత్రా? పుస్తకాలు అక్కడే ఉంటాయా, ఎవరివి వాళ్ళు తెచ్చుకుంటారా? చెప్పులు, సంచులు ఎక్కడ పెడతారు? ఊడ్చేవాళ్ళు ఎప్పుడు వస్తారు, వాళ్ళ సామాను ఎక్కడుంటుంది? ఈ జవాబులు వచ్చాక చూస్తే, కావలసింది ఒక పెద్ద హాలు కాదు, మధ్యలో గోడ ఉన్న రెండు చిన్న గదులు అని తేలవచ్చు.

ఉపయోగించే మనిషిని దగ్గరగా చూస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి ఫిన్లాండ్‌లో అల్వార్ ఆల్టో డిజైన్ చేసిన పైమియో క్షయ ఆసుపత్రి మంచి ఉదాహరణ. 1933లో పూర్తయింది. అందులో రోగి నిలబడి ఉండడు, రోజంతా మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంటాడు. కాబట్టి అతను చూసే ‘గోడ’ నిజానికి పైకప్పు. ఆల్టో ఆ పైకప్పుకు కళ్ళకు హాయిగా ఉండే ముదురు రంగు వేయించాడు. దీపం నేరుగా కళ్ళలో పడకుండా అమర్చాడు. వాష్‌బేసిన్‌లో నీటి ధార ఒక వాలులో పడేలా చేశాడు, ఒకరు చేతులు కడుక్కుంటే పక్క మంచం మీదివాళ్ళకి నిద్రాభంగం కాకూడదని. ఇవేవీ ప్లాన్‌లో కనపడవు. మంచం మీద పడుకుని ఆలోచిస్తేనే తడతాయి.

బ్రీఫ్‌లో విస్తీర్ణాల లెక్క కూడా ఉండాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. గదుల కొలతలన్నీ కూడి, అదే మొత్తం విస్తీర్ణం అనుకుంటారు. గోడల మందం, నడవలు, మెట్లు, పైపులు పోయే షాఫ్టులు కలిపి అదనంగా పావు వంతు దాకా తినేస్తాయి. ఆఫీసులు, ఆసుపత్రుల వంటి చోట్ల ఇంకా ఎక్కువే. ఈ లెక్క ముందే వేసుకోకపోతే తర్వాత ప్రతి గదీ కాస్త కాస్త కుదించాల్సి వస్తుంది, చివరికి ఏ గదీ సరిపోదు.

ఏమీ కట్టక్కర్లేదు అని తేలితే?

అలా చెప్పగలగడం కూడా డిజైనే. 1996లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరం లియోన్ ఒకాక్ అనే చిన్న కూడలిని అందంగా తీర్చిదిద్దమని ఆన్ లకాతోన్, జాన్-ఫిలిప్ వసాల్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులను అడిగింది. వాళ్ళు అక్కడ తిరిగి చూసి, జనంతో మాట్లాడి, ఇది ఇప్పటికే బాగుంది, కంకర మార్చండి, చెట్లను సరిగ్గా చూసుకోండి, తరచుగా శుభ్రం చేయండి చాలు అన్నారు. ఆ ఇద్దరికే 2021లో ఈ రంగంలోని అత్యున్నత పురస్కారం ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. ఉన్న భవనాన్ని కూల్చకుండా వాడుకోవచ్చా అన్న ప్రశ్న ప్రతి ప్రాజెక్టులోనూ మొదట వేసుకోవాలి. సిమెంటు, ఉక్కు తయారీలో విడుదలయ్యే కార్బన్ చాలా ఎక్కువ. నిలబడి ఉన్న నిర్మాణంలో అదంతా ఇప్పటికే ఖర్చయిపోయింది.

స్థలాన్ని ఎలా పరిశీలించాలి?

ఒకసారి వెళ్ళి ఫొటోలు తీసుకుని వచ్చేస్తే సరిపోదు. వేర్వేరు వేళల్లో వెళ్ళాలి. సర్వే మ్యాపు హద్దులు, ఎత్తుపల్లాలు చూపిస్తుంది. సాయంత్రం పక్క భవనం నీడ ఎక్కడిదాకా వస్తుందో, ఏ మూల నుంచి చప్పుడు వస్తుందో, జనం దారి కాని దారిలో ఎక్కడ అడ్డంగా నడుస్తున్నారో చూపించదు. మట్టి పరీక్ష చేయించకుండా పునాది గురించి ఏ మాటా అనకూడదు. నీళ్ళు ఎటు పారుతున్నాయో తెలుసుకోవడానికి గట్టి వాన పడ్డ మర్నాడు వెళ్ళడం కంటే మంచి పద్ధతి లేదు.

సూర్యుడి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఊహతో వదిలేసే విషయం కాదు, లెక్క కట్టదగిన విషయం. మధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తులో ఉంటాడంటే: 90 డిగ్రీల నుంచి ఆ చోటి అక్షాంశం తీసేయాలి, దానికి వేసవి అయనాంతం రోజున 23.5 కలపాలి, శీతాకాలపు అయనాంతం రోజున 23.5 తీసేయాలి. ఉత్తరార్ధగోళంలో 40 డిగ్రీల అక్షాంశం తీసుకుంటే జూన్‌లో 73.5 డిగ్రీలు, డిసెంబరులో 26.5 డిగ్రీలు వస్తుంది. అక్కడ దక్షిణపు గోడకు 60 సెంటీమీటర్ల సన్‌షేడ్ పెట్టామనుకోండి. జూన్ మధ్యాహ్నం దాని కింద దాదాపు 2 మీటర్ల గోడ నీడలో ఉంటుంది. అదే షేడ్ కింద డిసెంబరులో 30 సెంటీమీటర్లే నీడ, మిగతా కిటికీలోంచి వెచ్చటి ఎండ లోపలికి వస్తుంది. ఏ యంత్రమూ లేకుండా ఒక్క చూరు వేసవిలో ఎండను ఆపి, చలికాలంలో రానిస్తోంది. పడమటి గోడకు ఈ కిటుకు పనిచేయదు, సాయంత్రం సూర్యుడు బాగా కిందకి దిగిపోతాడు. అక్కడ నిలువు పలకలు గానీ చెట్లు గానీ కావాలి, లేదా కిటికీలే తగ్గించాలి. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో సూర్యుడు ఏడాదిలో కొంతకాలం ఉత్తరం వైపు, కొంతకాలం దక్షిణం వైపు నడుస్తాడు కాబట్టి రెండు వైపులా చూసుకోవాలి.

కాన్సెప్ట్ తప్పనిసరా?

విద్యార్థులకు ఎక్కువ టెన్షన్ పెట్టే మాట ఇదే. పక్షి రెక్కలాగానో పువ్వులాగానో భవనం ఉండాలని అనుకుంటారు. అలాంటి పోలిక అక్కర్లేదు. ఒక నిర్ణయం ఎటూ తేలనప్పుడు ఎటు మొగ్గాలో చెప్పే ముఖ్యమైన ఆలోచన ఏదైనా కాన్సెప్టే. “ప్రతి తరగతి గదికీ సొంతంగా ఒక బయటి చోటు ఉండాలి” అన్నది బడికి మంచి కాన్సెప్ట్. అది అనుకున్నాక గదులు ఎలా పేర్చాలి, నడవ ఎటుండాలి, ఎన్ని అంతస్తులు అన్న ప్రశ్నలకు సగం జవాబు దొరికేస్తుంది. ఏ ప్రశ్నకూ జవాబు చెప్పలేని కాన్సెప్ట్ ఎంత కవితాత్మకంగా ఉన్నా పక్కన పెట్టేయండి.

గదులను ఎలా అమర్చాలి?

బబుల్ డయాగ్రమ్‌తో మొదలుపెట్టడం మంచిది. ఒక్కో పనికి ఒక గుండ్రం గీసి, దగ్గరగా ఉండాల్సినవాటిని మందపు గీతతో, దూరంగా ఉండాల్సినవాటిని చుక్కల గీతతో కలుపుతారు. గుండ్రాలు సుమారుగా విస్తీర్ణానికి తగ్గట్టు ఉండాలి. చప్పుడు చేసేవి ఒక పక్క, నిశ్శబ్దం కావలసినవి ఒక పక్క. బయటివాళ్ళు వచ్చే భాగం ముందు, సొంతది లోపల. నీళ్ళు వాడే గదులు వీలైనంత వరకు ఒకదాని పక్కన ఒకటి, లేదా ఒకదాని మీద ఒకటి.

ఈ గుండ్రాలను నేరుగా నలుపలకలు చేసేసి ప్లాన్ అయిపోయిందనుకోకండి. డయాగ్రమ్‌కి ఆకారం లేదు. ఒకే డయాగ్రమ్ నుంచి పొడుగాటి ప్లాన్ గీయవచ్చు, నడిమి ఖాళీ చుట్టూ తిరిగేది గీయవచ్చు, రెండంతస్తులది గీయవచ్చు. కనీసం మూడు రకాలు గీసి పక్కపక్కన పెట్టి చూడనిదే మొదటిదానికి కట్టుబడకూడదు. మొదటిది బాగున్నట్టు అనిపించేది చాలావరకు అది మొదటిది కాబట్టే.

నడవల గురించి ఒక మాట. నడవ పొడుగ్గా, చీకటిగా, రెండు పక్కలా మూసిన తలుపులతో ఉంటే అది వృథా చోటు. అదే నడవ చివర ఒక కిటికీ, మధ్యలో కూర్చునేంత వెడల్పు ఉంటే జనం అక్కడ ఆగి మాట్లాడుకుంటారు. లెక్కలో పెరిగేది కొద్ది చదరపు మీటర్లే.

ప్లాన్, ఎలివేషన్ ఉన్నాయి కదా, సెక్షన్ దేనికి?

భవనం బయటి ముఖాన్ని ఎదురుగా చూపేది ఎలివేషన్. భవనాన్ని నిలువుగా కోసి చూపేది సెక్షన్. కొత్తవాళ్ళు దీన్ని చివర్లో, అడిగారు కాబట్టి గీస్తారు. నా మాట వింటే ప్లాన్‌తోపాటే గీయండి. మనిషి నిలబడేది, పైకి చూసేది, మెట్లెక్కేది అంతా సెక్షన్‌లోనే. వెలుతురు, వేడిగాలి పైకి పోవడం, వాన నీరు, పైపులు, బీము లోతు కూడా అక్కడే తేలతాయి. రోమ్‌లోని పురాతన గుడి పాంథియన్‌ను ప్లాన్‌లో చూస్తే ఒక వృత్తం, అంతే. సెక్షన్‌లో చూస్తే లోపలి వ్యాసం, నేల నుంచి డోమ్ పైదాకా ఎత్తు రెండూ దాదాపు 43 మీటర్లే, అంటే ఒక పూర్తి గోళం అందులో పడుతుంది. పైన ఉన్న ఒక్క గుండ్రటి రంధ్రం నుంచి దిగే ఎండ పొద్దంతా గోడల మీద జరుగుతూ ఉంటుంది. ఆ చోటు మహత్తు అంతా సెక్షన్‌లోనే ఉంది.

మామూలు పనిలో సెక్షన్ ఎలా కాపాడుతుందో చూడటానికి మెట్లు తీసుకుందాం. ఒక అంతస్తు నేల నుంచి పై అంతస్తు నేలకు 3 మీటర్లు అనుకోండి. 18 మెట్లుగా పంచితే ఒక్కో మెట్టు ఎత్తు 167 మిల్లీమీటర్లు. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్వా బ్లోండెల్ మనిషి అడుగును బట్టి ఒక సూత్రం చెప్పాడు. ఇప్పుడు వాడే రూపంలో అది ఇలా ఉంటుంది: మెట్టు ఎత్తుకు రెండింతలు, దానికి అడుగు పెట్టే వెడల్పు కలిపితే 600 నుంచి 640 మిల్లీమీటర్ల మధ్య రావాలి. 280 వెడల్పు పెడితే 334 కూడి 614 వస్తుంది, హాయిగా ఎక్కవచ్చు. ఇప్పుడు వీటిని రెండు వరుసలుగా, వరుసకు 9 మెట్లుగా పెడదాం. చివరి మెట్టు ల్యాండింగే అవుతుంది కాబట్టి అడుగులు 8. వరుస పొడవు 2240 మిల్లీమీటర్లు, దానికి మధ్య ల్యాండింగ్ 1000, కింద నిలబడే చోటు 1000. మొత్తం 4.24 మీటర్లు. ప్లాన్‌లో మెట్ల కోసం మూడున్నర మీటర్లు వదిలినవాళ్ళకి ఈ విషయం సెక్షన్ గీసేదాకా తెలియదు. ఆపైన తల తగలడం ఉంది. ల్యాండింగ్ సగం ఎత్తులో, అంటే 1.5 మీటర్ల మీద వస్తుంది. శ్లాబు మందం తీసేస్తే దాని కింద మనిషి నిలబడలేడు. అక్కడ తలుపు పెట్టిన ప్లాన్లు విద్యార్థుల బోర్డుల మీద తరచుగా కనిపిస్తాయి.

మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉండటం అన్నిటికంటే ముఖ్యం. నేల మీద టైల్స్ మందం లెక్కలోకి తీసుకోక మొదటి మెట్టో చివరి మెట్టో తేడా వస్తుంది, జనం సరిగ్గా అక్కడే తూలి పడతారు.

గదిలోకి వెలుతురు, గాలి సరిపడా వస్తాయని ఎలా తెలుసుకోవాలి?

వెలుతురు విషయంలో వాడుకలో ఉన్న లెక్క ఇది: ఒకే పక్క కిటికీ ఉంటే, కిటికీ పై అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో దానికి రెండు, రెండున్నర రెట్ల దూరం వరకే పగటి వెలుతురు పనికొస్తుంది. పై అంచు 2.1 మీటర్లలో ఉంటే లోపలికి నాలుగు, అయిదు మీటర్లు. అందుకే కిటికీని వెడల్పు చేయడం కంటే పైకి జరపడం ఎక్కువ లాభం. రెండు వేర్వేరు గోడల నుంచి వెలుతురు వచ్చే గది ఎప్పుడూ హాయిగా ఉంటుంది, ఎందుకంటే ఒక పక్క నుంచే వస్తే మనుషుల ముఖాల మీద గట్టి నీడలు పడతాయి.

గాలి రావాలంటే పోయే దారి కూడా ఉండాలి. ఒకే కిటికీ ఎంత పెద్దదైనా, ఎదుటి గోడకో పక్క గోడకో ఇంకో చిన్న తెరుపు ఇచ్చినంత మేలు చేయదు. గాలి లేని రోజు కోసం పైన ఒక వెంటిలేటర్ ఉంచితే వేడెక్కిన గాలి దానంతట అదే పైనుంచి పోయి, కింద నుంచి చల్లటిది లోపలికి వస్తుంది.

సమతుల్యత, లయ, సౌష్ఠవం లాంటి సూత్రాలు నిజంగా పనికొస్తాయా?

పనికొస్తాయి, గీసినదాన్ని సరిదిద్దుకునేటప్పుడు. ఎలివేషన్ చూసినప్పుడు ఏదో తేడాగా ఉందనిపిస్తుంది గానీ ఏమిటో తెలియదు. అప్పుడు కిటికీల వరుసలో లయ తప్పిందా, ఒక పక్క బరువు ఎక్కువైందా, ఏది ముఖ్యమో తెలియకుండా అన్నీ ఒకే గొంతుతో అరుస్తున్నాయా అని వెతకడానికి ఈ మాటలు దారి చూపిస్తాయి. వాటిని పట్టుకుని మొదలుపెట్టి డిజైన్ చేసినవాళ్ళని నేను చూడలేదు.

గోల్డెన్ రేషియో వాడాలా?

అక్కర్లేదు. గ్రీసులోని పార్థినాన్ గుడిని గోల్డెన్ రేషియోతోనే, అంటే 1.618 నిష్పత్తితోనే కట్టారన్న మాట బాగా ప్రచారంలో ఉంది గానీ, కట్టినవాళ్ళు అలా అనుకున్నారనడానికి ఆధారం లేదు. ఆ గుడి దగ్గర నేర్చుకోవలసింది వేరే ఉంది. స్తంభాలు మధ్యలో కాస్త ఉబ్బి ఉంటాయి. మూల స్తంభాలు పక్కవాటికి కొంచెం దగ్గరగా జరిగి ఉంటాయి. కింది పీఠం కూడా మధ్యలో కొద్దిగా పైకి లేచి ఉంటుంది. కంటికి ఎలా కనిపిస్తుందో అంత జాగ్రత్తగా ఆలోచించారు.

నిష్పత్తులు సాధన చేయాలంటే 16వ శతాబ్దపు ఇటాలియన్ ఆర్కిటెక్ట్ పల్లాడియో పద్ధతి తేలిక. గది నిడివి, వెడల్పులకు ఆయన ఎంచుకున్నవి: చతురస్రం, 3:4, 2:3, 3:5, 1:2 లాంటి చిన్న అంకెలు, చతురస్రపు కర్ణంతో వచ్చే కొలత, ఇంకా వృత్తం. గది ఎత్తును కూడా వీటికి తగ్గట్టు లెక్క కట్టాడు. మనం అచ్చంగా అవే వాడక్కర్లేదు. నిడివికి, వెడల్పుకి, ఎత్తుకి మధ్య ఏదో ఒక సంబంధం తెలిసి పెట్టడం అలవాటైతే చాలు. అలాగే ఒక భవనంలో కొలతలు తక్కువ రకాలుండాలి. ఒక్కో తలుపు ఒక్కో ఎత్తులో ఉన్న ఇంట్లో కారణం తెలియకుండానే చిరాకు పుడుతుంది.

‘పనిని బట్టే రూపం’ అన్నది ఎంతవరకు నిజం?

అమెరికన్ ఆర్కిటెక్ట్ లూయీ సల్లివాన్ 1896లో ఎత్తైన ఆఫీసు భవనాల గురించి రాస్తూ చెప్పిన మాట ఇది. పనికి సంబంధం లేని అలంకారాన్ని ప్రశ్నించడానికి అది అప్పట్లో చాలా అవసరమైంది. అయితే పని మారుతూ ఉంటుంది, భవనం నిలిచి ఉంటుంది. గిడ్డంగులు ఇళ్ళయ్యాయి, రైల్వే స్టేషన్ మ్యూజియం అయింది. పారిస్‌లోని ఒర్సే 1900లో స్టేషన్‌గా తెరిచారు, 1986 నుంచి మ్యూజియం. మంచి ఎత్తు, మంచి వెలుతురు, తగినంత వెడల్పు ఉన్న చోటు రేపటి పనికీ ఒదుగుతుంది. మరీ ఇవాళ్టి పనికే బిగించి కుట్టిన డిజైన్ త్వరగా పాతబడుతుంది.

స్ట్రక్చర్ సంగతి ఇంజనీర్ చూసుకుంటారు కదా?

లెక్కలు వాళ్ళు చూస్తారు. స్తంభాలు ఎక్కడ, బీము ఎటు, బరువు నేలకు ఏ దారిలో దిగుతుంది అన్న ఆలోచన మొదటి స్కెచ్‌లోనే ఉండాలి. కింద కార్లు, పైన గదులు ఉన్న భవనమే తీసుకోండి. ఒక కారుకు సుమారు 2.5 మీటర్ల వెడల్పు. రెండు స్తంభాల మధ్య మూడు కార్లు పట్టాలంటే 7.5 మీటర్ల ఖాళీ, స్తంభం మందంతో కలిపి దాదాపు 8 మీటర్లు. పై గదులన్నీ ఆ 8 మీటర్లలో పడేలా పంచుకోవాలి. పైనుంచి గీసుకుంటూ వచ్చినవాళ్ళకి కింద కారు దారి మధ్యలో స్తంభం వస్తుంది.

ఇంజనీర్ మాట ఆలస్యంగా విన్నందుకు గొప్ప భవనాలు కూడా మూల్యం చెల్లించాయి. అమెరికన్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1930లలో జలపాతం మీద డిజైన్ చేసిన ఫాలింగ్‌వాటర్ ఇంటి వరండాలు ఆధారం లేకుండా ముందుకు చొచ్చుకుని ఉంటాయి. కట్టే సమయంలోనే అనుమానం వచ్చి డ్రాయింగుల్లో చూపినదానికంటే చాలా ఎక్కువ ఉక్కు వేశారు. అయినా చివరలు 18 సెంటీమీటర్ల వరకు కుంగాయి, 2002లో ఉక్కు కేబుళ్ళతో బిగించి కాపాడాల్సి వచ్చింది.

ఇంకో వైపు, స్ట్రక్చరే ఆలోచనకు మూలమైన ఉదాహరణ స్పెయిన్ ఆర్కిటెక్ట్ ఆంటోనీ గౌడి. చర్చి కప్పు ఆకారం కోసం ఆయన దారాలకు చిన్న చిన్న బరువు సంచులు కట్టి తలకిందులుగా వేలాడదీశాడు. వేలాడే దారం తనంతట తాను తీసుకున్న వంపును తిరగేస్తే, బరువును హాయిగా మోసే కమాను వస్తుంది.

పైపులు, వైర్లు, ఏసీ ఎప్పుడు ఆలోచించాలి?

స్కెచ్ దశలోనే చోటు కేటాయించాలి. అమెరికన్ ఆర్కిటెక్ట్ లూయీ కాన్ భవనంలోని చోట్లను రెండుగా చూశాడు: మనుషులు వాడేవి, వాటికి సేవ చేసేవి. కాలిఫోర్నియాలో 1965లో పూర్తయిన సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో ప్రతి ల్యాబ్ అంతస్తు పైనా పైపులకే ఒక పూర్తి అంతస్తు ఇచ్చాడు. పరిశోధన మారినప్పుడల్లా ల్యాబ్ ఆపకుండానే పైన మార్చుకోవచ్చు. మామూలు భవనంలో అంత అక్కర్లేదు. తలుపు తీసి మనిషి చేయి పట్టేంత షాఫ్ట్, బీము కింద ఏసీ గాలి పోయే డక్ట్ పట్టేంత ఎత్తు ఉంటే చాలు. ఆ చోటు లేకపోతే చివర్లో ఫాల్స్ సీలింగ్ కిందకి దిగి కిటికీ పై అంచును మూసేస్తుంది.

డిజైన్‌లో ఎన్ని దశలుంటాయి?

దేశాన్ని బట్టి పేర్లు మారతాయి. బ్రిటన్ ఆర్కిటెక్టుల సంస్థ 1963లో మొదలుపెట్టిన దశల పట్టిక ఇప్పుడు 0 నుంచి 7 వరకు ఎనిమిది దశలుగా ఉంది. కట్టాలా వద్దా అన్న ప్రశ్నతో మొదలై బ్రీఫ్, కాన్సెప్ట్, అన్నీ ఒకచోట కుదర్చడం, సాంకేతిక డ్రాయింగులు, నిర్మాణం, అప్పగింత, చివరికి వాడకం. వాడకాన్ని కూడా ఒక దశగా లెక్కపెట్టడం నాకు బాగా నచ్చిన విషయం.

కాగితం మీద ఇది వరుసగా కనిపిస్తుంది గానీ పని అలా సాగదు. డిటైల్ గీస్తున్నప్పుడు కాన్సెప్ట్‌లో లోపం బయటపడుతుంది, వెనక్కి వెళ్ళాలి. వెళ్ళడం తప్పు కాదు. స్కేల్ (బొమ్మ కొలతకూ అసలు కొలతకూ ఉన్న నిష్పత్తి) మారుతున్నకొద్దీ ప్రశ్నలు మారతాయి: 1:500లో భవనం స్థలంలో ఎలా కూర్చుంది, 1:100లో గదులు ఎలా కలిశాయి, 1:50లో మంచం వేస్తే తలుపు తెరుచుకుంటుందా, 1:5లో కిటికీ కింద నుంచి వాన నీరు లోపలికి దిగుతుందా. ఒక దశ ముగిసిందని క్లయింట్‌తో రాతలో ఒప్పుకున్నాకే ముందుకు పోవాలి.

డిజైన్ పూర్తి కాకముందే కట్టడం మొదలుపెడితే?

సిడ్నీ ఒపేరా హౌస్ కథ చూడండి. 1957లో డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్జోన్ దాని డిజైన్ పోటీ గెలిచాడు. 1959లో పునాది పనులు మొదలయ్యాయి, అప్పటికి ఆ తెరచాపల్లాంటి కప్పులను ఎలా కట్టాలో తేలలేదు. అన్ని పెంకుల ఆకారాలనూ ఒకే గోళం నుంచి కోయవచ్చన్న పరిష్కారం 1961లో దొరికింది. అప్పటికే వేసిన కొన్ని స్తంభాలు ఆ బరువుకి చాలక మళ్ళీ కట్టాల్సి వచ్చింది. ఉట్జోన్ 1966లో తప్పుకున్నాడు, భవనం 1973లో తెరిచారు. 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల అంచనా 10 కోట్లు దాటింది. అంత అద్భుతమైన భవనం కాబట్టి లోకం క్షమించింది. మన ప్రాజెక్టుకు ఆ అవకాశం ఉండదు.

డబ్బు తక్కువ ఉంటే డిజైన్ రాజీ పడాల్సిందేనా?

చౌక సామాను వాడి అదే డిజైన్‌ను చిన్నగా కట్టడం ఒక దారి. అది అంత మంచి దారి కాదు. చిలీలోని ఇకీకేలో ఆర్కిటెక్ట్ అలెహాంద్రో అరవేనా బృందం 2004లో దాదాపు వంద కుటుంబాలకు ఇళ్ళు కట్టినప్పుడు, ఉన్న డబ్బుతో మంచి ఇల్లు మొత్తం రాదని తేలింది. కాబట్టి సగం ఇల్లు కట్టారు. కుటుంబం తనంతట తాను కట్టుకోవడానికి కష్టమైనవి, అంటే స్ట్రక్చర్, మెట్లు, వంటగది, బాత్‌రూమ్ కట్టి ఇచ్చి, పక్కన అంతే ఖాళీ వదిలారు. వీలున్నప్పుడు వాళ్ళే గదులు వేసుకున్నారు. తర్వాత మార్చలేనివాటి మీద ముందు ఖర్చు పెట్టాలన్నది ఏ బడ్జెట్‌లోనైనా పాటించవచ్చు. పునాది, కప్పు, కిటికీల దిశ తర్వాత మార్చలేం. నేల టైల్స్, రంగులు ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

అందరూ వాడగలిగేలా చేయడానికి ఏం గుర్తుపెట్టుకోవాలి?

చక్రాల కుర్చీ ఒక చోట పూర్తిగా తిరగడానికి 1.5 మీటర్ల వృత్తం కావాలి. తలుపు తెరిచాక మిగిలే ఖాళీ కనీసం 80, వీలైతే 90 సెంటీమీటర్లు. ర్యాంపు వాలు 1:12కి మించకూడదు. అంటే 45 సెంటీమీటర్ల ఎత్తుకు 5.4 మీటర్ల పొడవు. ఈ పొడవు చూసి చాలామంది ర్యాంపును వెనక వైపుకు నెట్టేస్తారు. అంతకంటే నేల ఎత్తునే మొదట్లో తగ్గించుకుని, అందరూ ఒకే ముఖద్వారం నుంచి వచ్చేలా చేయడం మర్యాద. పిల్లల బండి తోసేవాళ్ళకి, కాలు విరిగినవాళ్ళకి, బరువు మోసేవాళ్ళకి అందరికీ అదే పనికొస్తుంది.

చేత్తో గీయాలా, సాఫ్ట్‌వేర్‌లోనా?

రెండూ. ఆలోచన ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు పెన్సిలు మేలు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ గోడ మందం ఎంత అని అడుగుతుంది, మనకింకా గోడ ఉండాలో లేదో తెలియదు. కొలతలు తేలాక, ఇంజనీర్లతో పంచుకోవాలంటే కంప్యూటర్ మోడల్‌కి సాటి లేదు, పైపు బీముకు తగులుతుందా అన్నది అందులో ముందే కనపడుతుంది. అట్టముక్కలతో చేసిన మోడల్‌ను మాత్రం మానేయకండి. దాన్ని కిటికీ దగ్గర పెట్టి కన్ను ఆనించి చూస్తే లోపల వెలుతురు ఎలా ఉంటుందో రెండరింగ్ (కంప్యూటర్ గీసిన ఫొటోలాంటి బొమ్మ) కంటే నిజాయితీగా తెలుస్తుంది.

నా డిజైన్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

భవనంలో ఒక మనిషిని పొద్దున్నుంచి రాత్రి వరకు నడిపించండి. గేటు దగ్గర ఆగి తాళం తీసేటప్పుడు వాన పడుతుంటే తడుస్తాడా? తలుపు తీయగానే ఏం కనపడుతుంది, బాత్‌రూమ్ తలుపా? చేతిలో సామానుంటే ఎక్కడ దించుతాడు? రాత్రి లేచి నడిస్తే స్విచ్ ఎక్కడ? తర్వాత అదే భవనంలో చిన్న పిల్లను, ముసలామెను, మొదటిసారి వచ్చిన అతిథిని, శుభ్రం చేసే మనిషిని, నిప్పంటుకుంటే బయటపడాల్సినవాళ్ళని నడిపించండి. తప్పులు దాదాపు అన్నీ ఇందులోనే దొరుకుతాయి. కుర్చీలు, మంచాలు, బీరువాలు కొలతలకు తగ్గట్టు గీసి ఉంచనిదే ఈ పరీక్ష చేయలేరు.

డ్రాయింగ్ తలకిందులుగా పెట్టి చూడటం, ఒక వారం పక్కన పెట్టి మళ్ళీ చూడటం కూడా మంచిదే. ఇతరుల విమర్శ అడిగేటప్పుడు మాత్రం “ఎలా ఉంది?” అని కాకుండా “ఇందులో దారి తెలుస్తోందా? ఎక్కడ కూర్చోవాలనిపిస్తుంది?” అని అడగండి.

కట్టడం పూర్తయ్యాక డిజైనర్ పని అయిపోయినట్టేనా?

లేదు. ఏడాది పాటు అన్ని కాలాలూ గడిచాక మళ్ళీ వెళ్ళి చూడాలి. ఏ కర్టెన్లు ఎప్పుడూ మూసే ఉన్నాయో చూస్తే ఎండ లెక్క ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. ఏ తలుపుకు ఇటుక అడ్డం పెట్టి తెరిచి ఉంచారో, ఏ గది స్టోర్ రూమ్‌గా మారిందో, గడ్డి మీద ఎక్కడ కాలిబాట పడిందో రాసుకుని తర్వాతి బ్రీఫ్‌లో పెట్టుకోవాలి. ఇంకో పని అప్పగింత రోజే చేయాలి. డ్రాయింగుల్లో అనుకున్నదీ సైట్‌లో నిజంగా వేసినదీ ఒకటే కాదు కాబట్టి, పైపులు, వైర్లు, వాల్వులు చివరికి ఎక్కడ పడ్డాయో చూపే డ్రాయింగులు గీసి యజమానికి ఇవ్వాలి. పదేళ్ళ తర్వాత గోడకు డ్రిల్ పెట్టే మనిషికి ఆ కాగితాలే ఆధారం.